ఒకే ఫోల్డరు, మూడు రకాల సిస్టమ్‌లు



విజయవాడ ఏలూరు రోడ్డులో ఉండేలాంటి ఒక చిన్న పుస్తక ప్రచురణ ఆఫీసు అనుకోండి. ముగ్గురు డీటీపీ ఆపరేటర్లు. అను ఫాంట్లకీ పేజ్‌మేకర్‌కీ అలవాటు పడ్డ చేతులు కాబట్టి వాళ్ళకి విండోస్ తప్పదు. ముఖచిత్రాలు వేసే ఆర్టిస్టుకి మాక్. ప్రూఫులు చూసే ఆయన ల్యాప్‌టాప్‌లో ఉబుంటు. మూలన యూపీఎస్ పక్కన ఒక పాత సిస్టమ్‌కి లినక్స్ ఎక్కించి సర్వర్‌గా పెట్టారు. అందులో అందరికీ కలిపి ఒక షేర్డ్ ఫోల్డరు.

సోమవారం ఒక ఆపరేటరు అధ్యాయం వర్డ్‌లో టైపు చేసి అక్కడ సేవ్ చేసింది. మంగళవారం ప్రూఫురీడరు దాన్ని తెరిచి, తప్పులు దిద్ది, సేవ్ చేయబోతే రీడ్ ఓన్లీ అంటుంది. ఏం చేస్తాడు పాపం, వేరే పేరుతో సేవ్ చేస్తాడు. సాయంత్రానికల్లా ఆ అధ్యాయం ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఫైనల్ ఇదే’ అని మూడు అవతారాలెత్తుతుంది. ప్రెస్సుకి వెళ్ళేది వాటిలో ఏదో ఎవరికీ తెలియదు. సిస్టమ్‌లు చూసే కుర్రాడికి ఫోన్ చేస్తారు. అతను వచ్చి, ఫోల్డరు మొత్తానికి 777 పర్మిషన్ కొట్టి, టీ తాగి వెళ్ళిపోతాడు. రెండు రోజులు హాయిగా ఉంటుంది. మూడో రోజు మళ్ళీ అదే రీడ్ ఓన్లీ. ఇవాళ మనం మాట్లాడుకునేది ఆ మూడో రోజు గురించి.

రేడియోలో కమాండ్లు అక్షరం అక్షరం చదివి వినిపిస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు. అందుకని సెట్టింగుల పేర్లు మాత్రం చెప్తాను. కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుంటే చాలు.

ముందు ఆ 777 సంగతి. యూనిక్స్ పద్ధతిలో ప్రతి ఫైలు దగ్గరా మూడు పద్దులే ఉంటాయి: ఓనరు, ఒక గ్రూపు, మిగతా అందరూ. ఒక్కో పద్దుకీ మూడు హక్కులు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిపితే 7. మూడు ఏడులంటే ముగ్గురికీ సర్వహక్కులూ ఇచ్చేశామని. ట్రైనింగుకొచ్చిన కుర్రాడు చేయి జారి ఏది చెరిపినా పోతుంది, ఒక సిస్టమ్‌కి పట్టిన వైరస్ అందరి ఫైళ్ళనీ పాడు చేస్తుంది. ఈ ప్రమాదం గురించి అందరూ చెప్తూనే ఉంటారు. నా ఫిర్యాదు అంతకంటే చిన్నది: 777 తో మన పని కూడా అవ్వదు. సీహెచ్‌మాడ్ అనే ఆ కమాండు ఈ క్షణాన ఉన్న ఫైళ్ళని మారుస్తుందే గానీ, రేపు పుట్టబోయే ఫైలుతో దానికి సంబంధం లేదు. ఆఫీసులో కొత్త ఫైళ్ళు రోజూ పుడుతూనే ఉంటాయి కదా.

మీరు అనుకునేదానికంటే ఎక్కువే పుడతాయి. వర్డ్‌లో సేవ్ నొక్కినప్పుడు అది ఉన్న ఫైలు మీద రాయదు. పక్కన ఒక తాత్కాలిక ఫైలు తయారు చేసి, అందులో మొత్తం రాసి, పాతదాని పేరు మార్చి, కొత్తదానికి పాత పేరు తగిలించి, చివరికి పాతదాన్ని చెరిపేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా ఏదో ఒక ప్రతి మిగలాలని ఈ జాగ్రత్త. మన కంటికి అది అదే అధ్యాయం. సర్వర్‌కి మాత్రం అది ఈ నిమిషాన పుట్టిన కొత్త ఫైలు. దాని ఓనరు ఎవరంటే, చివర సేవ్ చేసినవాళ్ళు. నిన్న మీరు పెట్టిన 777 ఆ చెరిగిపోయిన ఫైలుతోపాటే పోయింది. నోట్‌ప్యాడ్ అలా కాదు, ఉన్న ఫైలులోనే రాస్తుంది, అందువల్ల ఓనరు మారడు. ఒకే ఫోల్డరులో టెక్స్ట్ ఫైళ్ళు బుద్ధిగా ఉండి వర్డ్ ఫైళ్ళే పేచీ పెడుతుంటే, కారణం ఇదని పట్టుకోవచ్చు.

మరి కొత్తగా పుట్టిన ఫైలుకి పర్మిషన్ ఎవరు నిర్ణయిస్తారు? మన ఉదాహరణలో సాంబా. విండోస్ సిస్టమ్‌లు నెట్‌వర్క్‌లో ఫైళ్ళు అడిగే భాష పేరు ఎస్ఎంబీ. 1980లలో ఐబీఎంలో మొదలై, తర్వాత మైక్రోసాఫ్ట్ చేతిలో పెరిగింది. ఆస్ట్రేలియాలో కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి 1991, 92 ప్రాంతంలో ఆ భాషని యూనిక్స్ సిస్టమ్‌లకి నేర్పే ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాడు. అదే ఇవాళ్టి సాంబా. నెట్‌వర్క్‌కి తగిలించి అందరూ ఫైళ్ళు దాచుకునే నాస్ పెట్టెల్లో చాలావాటిలో ఉన్నది కూడా లినక్సూ సాంబానే. సైనాలజీ, క్యూనాప్ అలాంటివే.

సాంబాలో మీరు ఏమీ ముట్టుకోకపోతే క్రియేట్ మాస్క్ అనే సెట్టింగు 0744 ఉంటుంది. అంటే కొత్త ఫైలుకి ఓనరే రాయగలడు, గ్రూపులో ఉన్నవాళ్ళు చదవగలరు, అంతే. కొత్త ఫోల్డరుకైతే డైరెక్టరీ మాస్క్ 0755. అక్కడా కథ అదే: ఆ ఫోల్డరులో కొత్తగా ఏదైనా పెట్టాలన్నా, ఉన్నది తీయాలన్నా చేసినవాళ్ళకే కుదురుతుంది. మంగళవారం ప్రూఫురీడరుకి వచ్చిన రీడ్ ఓన్లీ ఇక్కడి నుంచి వచ్చింది. ఎవరి తప్పూ లేదు, సిస్టమ్ చెడిపోనూ లేదు. సాంబా తనకు చెప్పిన పనే చేసింది.

దీనికి తోడు గ్రూపు తిరకాసు ఒకటుంది. ఉబుంటు, డెబియన్, రెడ్ హ్యాట్ లాంటి వాటిలో కొత్త యూజరుని సృష్టిస్తే ఆ యూజరు పేరుతోనే ఒక గ్రూపు కూడా పుడుతుంది. లక్ష్మి అనే ఆపరేటరు చేసిన ఫైలుకి గ్రూపు కూడా లక్ష్మే. గ్రూపుకి రాసే హక్కు ఇచ్చినా ఆ గ్రూపులో ఉన్నది ఆవిడ ఒక్కర్తే. ఇక మిగతావాళ్ళకి ఏం ఒరుగుతుంది?

అందుకని మందు ఫైలుకి కాదు, ఫోల్డరుకి వేయాలి. సర్వర్‌లో పని పేరుతో ఒక గ్రూపు పెట్టండి, బుక్స్ అనుకుందాం. రాసే అవసరం ఉన్నవాళ్ళందరినీ అందులో చేర్చండి. షేర్డ్ ఫోల్డరు గ్రూపుని బుక్స్‌కి మార్చి, పర్మిషన్ 2770 ఇవ్వండి. ముందున్న ఆ 2 చాలా ముఖ్యం. దాన్ని సెట్‌జీఐడీ అంటారు. ఫోల్డరు మీద ఆ బిట్ ఉంటే, లోపల ఎవరు ఏ ఫైలు పుట్టించినా దాని గ్రూపు ఆ ఫోల్డరు గ్రూపే అవుతుంది. లోపల పుట్టే ఫోల్డర్లకి కూడా ఆ బిట్ దానంతటదే వస్తుంది. ఇక సాంబా సెట్టింగుల ఫైలులో ఆ షేర్ కింద ఇన్‌హెరిట్ పర్మిషన్స్ అనే సెట్టింగుకి ఎస్ అని రాయండి. అప్పుడు మాస్క్‌ల లెక్క పక్కకిపోయి, కొత్త ఫైలు తన పై ఫోల్డరు దగ్గర్నుంచి చదివే, రాసే హక్కులు తీసుకుంటుంది. క్రియేట్ మాస్క్, ఫోర్స్ డైరెక్టరీ మోడ్ అని నాలుగైదు లైన్లు రాసినా ఇదే ఫలితం వస్తుంది. కానీ ఆరు నెలల తర్వాత చదివేవాళ్ళకి ఆ లైన్లన్నీ ఎందుకున్నాయో అర్థం కాదు. ఈ ఒక్క లైనే నాకు ఇష్టం.

ఈ ఏర్పాటుకి ఒక హద్దుంది. ఇన్‌హెరిట్ పర్మిషన్స్ అనేది సాంబా ద్వారా వచ్చినవాళ్ళకే వర్తిస్తుంది. ఎవరైనా సర్వర్ మీదే టెర్మినల్‌లో కూర్చుని ఫైలు చేస్తే, లేదా ఇంకో లినక్స్ సిస్టమ్ నుంచి ఎన్ఎఫ్ఎస్ అనే ఇంకో షేరింగ్ పద్ధతి ద్వారా వస్తే, అక్కడ నడిచేది యూమాస్క్. చాలాచోట్ల అది 022, అంటే గ్రూపుకి రాసే హక్కు తీసేస్తుంది. రెండు దారుల్లోనూ మనుషులు వస్తున్నారంటే ఫోల్డరు మీద డిఫాల్ట్ ఏసీఎల్, అంటే లోపల పుట్టే ఫైళ్ళకి వర్తించే హక్కుల జాబితా, పెట్టాలి. సెట్‌ఎఫ్ఏసీఎల్ కమాండు ఆ పని చేస్తుంది. డిఫాల్ట్ ఏసీఎల్ ఉన్న ఫోల్డరులో యూమాస్క్ మాట చెల్లదు. ఎడిటర్లు రాయాలి, అకౌంట్స్ వాళ్ళు చదివితే చాలు అన్నప్పుడు, అంటే గ్రూపులు ఒకటికి మించినప్పుడు కూడా ఇదే దారి. అలాంటి ఫోల్డరు లిస్టులో పర్మిషన్ల చివర ప్లస్ గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు ఉన్నచోట సీహెచ్‌మాడ్ కొట్టకండి. గ్రూపు అంకె మారుస్తున్నానని మీరు అనుకుంటారు, అక్కడ నిజంగా మారేది ఏసీఎల్ మాస్క్. అప్పుడు మిగతా గ్రూపుల హక్కులు కూడా చడీచప్పుడూ లేకుండా తగ్గిపోతాయి.

ఇక విండోస్ ఈ విషయాన్ని చూసే తీరే వేరు. 1993లో విండోస్ ఎన్‌టీ వచ్చినప్పటి నుంచి ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కు మీద ప్రతి ఫైలుకీ ఒక జాబితా ఉంటుంది. ఎంతమందినైనా, ఎన్ని గ్రూపులనైనా అందులో రాయొచ్చు. చదవడం, రాయడంతో ఆగదు. చెరపడం ఒక హక్కు, పర్మిషన్లు మార్చడం ఒక హక్కు, ఓనర్‌షిప్ తీసుకోవడం ఇంకో హక్కు. పైగా డినై అని రాయొచ్చు: బుక్స్ గ్రూపంతా రాయొచ్చు గానీ ఫలానా ఆయన మాత్రం వద్దు అని. యూనిక్స్ తొమ్మిది బిట్లలో ఈ మాట చెప్పడానికి చోటే లేదు. మామూలు సాంబా షేర్ మీద విండోస్ నుంచి సెక్యూరిటీ ట్యాబ్ తెరిచి, జాగ్రత్తగా టిక్కులు తీసి ఓకే నొక్కి, మళ్ళీ తెరిచి చూస్తే, తీసిన టిక్కులు తిరిగి వచ్చేసి ఉండటం మీలో కొందరు చూసే ఉంటారు. మీరు రాసినదాన్ని సాంబా తనకున్న కొద్దిపాటి చోటులో ఇమిడ్చింది, ఇమడనిదాన్ని వదిలేసింది.

విండోస్ జాబితాని ఉన్నది ఉన్నట్టు దాచిపెట్టే ఏర్పాటు కూడా సాంబాలో ఉంది. ఏసీఎల్ ఎక్స్‌ఆట్టర్ అనే మాడ్యూల్ పెడితే ఆ జాబితా మొత్తం ఫైలు పక్కన అదనపు సమాచారంగా భద్రమవుతుంది. ఏది మంచిది అని అడుగుతారు. ఆఫీసులో ఎక్కువమంది విండోస్‌లో ఉండి, పర్మిషన్లు చూసే మనిషికి సెక్యూరిటీ ట్యాబే తెలుసు అంటే, ఆ మాడ్యూల్ పెట్టి పర్మిషన్లన్నీ విండోస్ వైపు నుంచే చూసుకోండి. లినక్స్ తెలిసిన మనిషి ఉంటే, సర్వర్ మీదే గ్రూపులతో చూసుకుని, విండోస్ వైపు ఆ ట్యాబ్ ముట్టుకోవద్దని చెప్పండి. రెండింట్లో ఏదైనా నడుస్తుంది. ఇద్దరూ కలిసి దిద్దే షేర్ మాత్రం ఎప్పటికీ కుదుటపడదు. నాస్ పెట్టెల్లో కొన్ని తమ సొంత ఏసీఎల్ పద్ధతి వాడతాయి. వాటిలో మెనూలతోనే పని కానివ్వండి. మెనూ నెమ్మదిగా ఉందని టెర్మినల్‌లోకి దూరి సీహెచ్‌మాడ్ కొడితే, మెనూలో పెట్టుకున్నదంతా చెరిగిపోయే పెట్టెలు ఉన్నాయి.

సర్వరే విండోస్ అయితే ఇంకో చిక్కు. అక్కడ తనిఖీ రెండు చోట్ల జరుగుతుంది. షేరింగ్ ట్యాబ్‌లో ఒక పర్మిషన్, సెక్యూరిటీ ట్యాబ్‌లో ఇంకొకటి. నెట్‌వర్క్ నుంచి వచ్చినవాళ్ళకి రెండింట్లో ఏది తక్కువైతే అదే దక్కుతుంది. సెక్యూరిటీలో ఫుల్ కంట్రోల్ ఇచ్చి, షేరింగ్‌లో ఎవ్రీవన్‌కి రీడ్ అని ముందే ఉన్నదాన్ని మర్చిపోయి గంటలకొద్దీ తల పట్టుకునేవాళ్ళు ఎందరో. షేరింగ్ దగ్గర లాగిన్ అయిన యూజర్లందరికీ పూర్తి హక్కు ఇచ్చేసి, అసలు కట్టడి అంతా సెక్యూరిటీ ట్యాబ్‌లో పెట్టుకోవడం చాలామంది అనుసరించే పద్ధతి. ఒక్క చోట చూస్తే చాలు.

పర్మిషన్ అంకెల గురించి ఇంతసేపు చెప్పాను గానీ, చాలాసార్లు గొడవ హక్కు దగ్గర ఉండదు, మనిషెవరు అన్న దగ్గరుంటుంది. ఎన్ఎఫ్ఎస్ మంచి ఉదాహరణ. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తెచ్చింది. లినక్స్ నుంచి లినక్స్‌కి, మాక్ నుంచి లినక్స్‌కి ఇప్పటికీ బాగా వాడతారు. దాని మామూలు పద్ధతిలో క్లయింట్ సిస్టమ్ సర్వర్‌కి పేరు పంపదు, పాస్‌వర్డ్ పంపదు. ఒక నంబరు పంపుతుంది. మాక్‌లో మొదట సృష్టించిన యూజరు నంబరు 501. ఉబుంటులో మొదటి యూజరు 1000. మన ఆర్టిస్టు మాక్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే పేరుతో ఉన్నా, సర్వర్‌కి అతను 501 గానే కనిపిస్తాడు. అక్కడ 501 అనేవాడు లేకపోతే యాక్సెస్ డినైడ్. వేరేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళ ఫైళ్ళు ఇతని చేతికి వస్తాయి. రైల్లో 32వ నంబరు బెర్తు అన్నంత మాత్రాన ఏం తెలుస్తుంది? గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో 32లో ఒకరుంటారు, గౌతమిలో 32లో ఇంకొకరు. ఎన్ఎఫ్ఎస్ రైలు పేరు అడగదు, బెర్తు నంబరే చూస్తుంది. కాబట్టి ఎన్ఎఫ్ఎస్ వాడదలిస్తే ముందు అన్ని సిస్టమ్‌ల మీదా ఒక మనిషికి ఒకే నంబరు ఉండేలా చూసుకోవాలి. నాలుగు సిస్టమ్‌లైతే చేత్తో చేయొచ్చు, నలభై అయితే డైరెక్టరీ సర్వర్ పెట్టుకోవాలి. అదీ కుదరకపోతే మాక్‌ని కూడా ఎస్ఎంబీ మీదే రానివ్వండి. 2013లో వచ్చిన మావెరిక్స్ అనే మాక్ వెర్షన్ నుంచి ఆపిల్ తనే ఎస్ఎంబీని మొదటి దారిగా పెట్టుకుంది.

ఎన్ఎఫ్ఎస్ గురించి ఇంకో మాట, కాలేజీల్లో, పెద్ద ల్యాబుల్లో పని చేసేవాళ్ళకి. ఆ మామూలు పద్ధతిలో ఒక మనిషికి 16 గ్రూపులకి మించి పంపడానికి చోటు లేదు. పదిహేడో గ్రూపు వల్ల వచ్చిన హక్కు సర్వర్‌కి తెలియనే తెలియదు. ‘గ్రూపులో ఉన్నాను, అయినా రానివ్వడం లేదు’ అని ఎవరైనా అంటే వాళ్ళ గ్రూపులు లెక్కపెట్టండి. సర్వర్ వైపు మేనేజ్ జీఐడీస్ అనే ఆప్షన్ పెడితే అది తన జాబితానే చూసుకుంటుంది.

సాంబా పేరూ పాస్‌వర్డూ అడుగుతుంది, ఆ మేరకు నయం. అయితే దాని పాస్‌వర్డ్ల పుస్తకం వేరు. లినక్స్‌లో యూజరుని సృష్టిస్తే సరిపోదు, ఎస్ఎంబీ పాస్‌వర్డ్ అనే కమాండుతో సాంబాలో కూడా చేర్చాలి. ఇక విండోస్ ఒకసారి ఇచ్చిన పేరు పట్టుకుని కూర్చుంటుంది. ఒకే సర్వర్‌కి ఒకే సమయంలో రెండు పేర్లతో వెళ్ళనివ్వదు, 1219 నంబరు ఎర్రర్ చూపిస్తుంది. పర్మిషన్లన్నీ సరిగ్గా ఉండి కూడా లోపలికి వెళ్ళలేకపోతుంటే, క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి ఆ సర్వర్‌కి ఏ పేరు దాచుకుందో చూడండి. పాత ఉద్యోగి పేరు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. గ్రూపులో కొత్తగా చేర్చిన మనిషి లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలన్నది కూడా చాలామందికి తట్టదు. విండోస్ అయినా లినక్స్ అయినా ఎవరెవరు ఏ గ్రూపులో ఉన్నారన్నది లాగిన్ అయినప్పుడే రాసుకుంటాయి. మధ్యలో మీరు చేర్చిన సంగతి వాటికి తెలియదు. ‘ఇందాకే చేర్చాను కదండీ!’ ‘అయినా రావట్లేదండీ!’ అని ఫోన్లో వాదించుకునే ముందు ఒకసారి లాగౌట్ చేయించండి.

ఫైలుని తరలించడానికీ కాపీ చేయడానికీ ఉన్న తేడా మీద మాత్రం విండోస్, లినక్స్ రెండూ ఒకే మాట మీద ఉన్నాయి. ఒకే డిస్కులో ఒక ఫోల్డరు నుంచి ఇంకో ఫోల్డరుకి ఫైలుని లాగి పడేస్తే, అంటే మూవ్ చేస్తే, అది పాత పర్మిషన్లతోనే వచ్చి కూర్చుంటుంది. కాపీ చేస్తే కొత్త ప్రతి పుడుతుంది, కొత్త ఫోల్డరు నియమాలకి లోబడుతుంది. యజమాని తన సొంత ఫోల్డరులోంచి రాయల్టీ లెక్కల షీటుని అందరి ఫోల్డరులోకి మూవ్ చేసి, ‘పెట్టాను చూడండి’ అంటాడు. ఎవరికీ తెరుచుకోదు. దీనికి తలకిందులుగా జరిగితేనే ఇబ్బంది: అందరూ చూసే ఫైలుని గుట్టుగా ఉంచే ఫోల్డరులోకి మూవ్ చేస్తే, పాత హక్కులు దాన్ని పట్టుకునే ఉండొచ్చు. ఫోల్డరు మారేటప్పుడు కాపీ చేసి, చూసుకుని, తర్వాత పాతది చెరపమని మీ వాళ్ళకి అలవాటు చేయండి.

చెరపడం అంటే గుర్తొచ్చింది. యూనిక్స్‌లో ఫైలుని చెరిపే హక్కు ఆ ఫైలు దగ్గర ఉండదు, దాన్ని పెట్టిన ఫోల్డరు దగ్గర ఉంటుంది. ఫైలు మీద రాయనివ్వకుండా తాళం వేసి, ఫోల్డరుకి రాసే హక్కు ఇచ్చేస్తే ఎవరైనా దాన్ని తీసి పారేయొచ్చు. ఎవరి ఫైలు వాళ్ళే చెరపాలి అనుకుంటే ఫోల్డరు మీద స్టికీ బిట్ పెట్టండి. అయితే అందరూ కలిసి దిద్దే వర్డ్ ఫైళ్ళున్న చోట స్టికీ బిట్ పెట్టారో, ఇందాక చెప్పిన పేరు మార్చే తంతు కుదరక సేవ్ ఆగిపోతుంది. దస్తావేజులు పడేసే ఫోల్డరుకి అది సరిపోతుంది, పని జరిగే ఫోల్డరుకి సరిపడదు.

ఉబుంటు సర్వర్ పెట్టుకున్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. షేర్డ్ ఫోల్డరుని హోమ్ డైరెక్టరీలో పెట్టారనుకోండి. 21.04 వెర్షన్ నుంచి హోమ్ డైరెక్టరీలు 750 పర్మిషన్‌తో పుడుతున్నాయి. లోపలి ఫోల్డరుకి మీరు ఏమిచ్చినా, పైనున్న గడప దాటే హక్కు వేరేవాళ్ళకి లేదు. షేర్లకి హోమ్ బయట వేరే చోటు పెట్టండి. ఫెడోరా, రెడ్ హ్యాట్ వాడేవాళ్ళకి ఎస్ఈలినక్స్ అనే ఇంకో కాపలా ఉంటుంది. దానికి ఆ ఫోల్డరు సాంబాదని లేబుల్ వేసి చెప్పాలి. దాన్ని ఆపేయడం తేలిక, లేబుల్ వేయడానికి పట్టేది రెండు నిమిషాలు. ఆపకండి.

మాక్ విషయానికొస్తే, అది వెళ్ళిన ప్రతి ఫోల్డరులోనూ చుక్కతో మొదలయ్యే చిన్న ఫైళ్ళు వదిలిపెడుతుంది. విండోస్ వాళ్ళు అవి వైరస్ అనుకుని చెరిపేస్తుంటారు. సాంబాలో ఫ్రూట్ అనే మాడ్యూల్ పెడితే ఆ గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. తెలుగులో ఫైలు పేర్లు పెట్టేవాళ్ళకి మాత్రం ప్రత్యేకంగా ఒక మాట. యూనికోడ్‌లో మన ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వానికి కింద ఇంకో గుర్తు చేర్చి. కంటికి తేడా తెలియదు. పాత మాక్ డిస్కులు పేరుని విడగొట్టిన రూపంలో దాచేవి. అలాంటి డిస్కు నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాముతో లినక్స్ సర్వర్‌కి తెస్తే, హైదరాబాద్ అనే ఫోల్డర్లు రెండు పక్కపక్కనే కనిపించవచ్చు. ఒకదాంట్లో పాత ఫైళ్ళు, ఒకదాంట్లో కొత్తవి. పర్మిషన్ చూస్తే రెండూ సరిగ్గానే ఉంటాయి. ఫైలు ఏమైందో తెలియక జుట్టు పీక్కోవాలి. గుంటూరుకి ఈ బాధ లేదు, హైదరాబాదుకీ నైజాముకీ ఉంది!

గెస్ట్ షేర్ల గురించి కఠినంగానే చెప్తాను. పాస్‌వర్డ్ లేకుండా ఎవరైనా వచ్చేలా పెట్టుకున్న షేర్లు ఇక మానుకోవాలి. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ ప్రో ఎడిషన్ వాటికి తనంతట తాను తలుపు మూసేస్తోంది. అప్‌డేట్ అయిన మర్నాడు నాస్ కనిపించడం లేదని గోల. దానికి విరుగుడుగా విండోస్ రక్షణ తగ్గించే చిట్కాలు చాలామంది చెప్తారు. ప్రతి మనిషికీ ఒక పేరూ పాస్‌వర్డూ ఇవ్వడం అంతకంటే చిన్న పని. పాత స్కానరు పని చేయాలని ఎస్ఎంబీ మొదటి వెర్షన్ని తిరిగి ఆన్ చేసేవాళ్ళు కూడా ఉన్నారు. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది ఆ పాత వెర్షన్లోని లోపం పట్టుకునే. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా అప్పుడు దాని బారిన పడ్డాయి. దాన్ని ఆపే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే మార్చిలో ఇచ్చింది.

ఇప్పటికే చిక్కుపడిపోయిన ఫోల్డరుని బాగు చేయాలంటే, ముందు ఉన్న పర్మిషన్లని ఒక ఫైలులోకి దించుకోండి. లినక్స్‌లో గెట్‌ఎఫ్ఏసీఎల్, విండోస్‌లో ఐకాక్ల్స్. తిరిగి ఎక్కించడం లినక్స్‌లో సెట్‌ఎఫ్ఏసీఎల్ పని, విండోస్‌లో ఐకాక్ల్స్‌దే. ఆ తర్వాతే చేయి పెట్టండి. మొత్తం ఫోల్డరు మీద 660 అని కొట్టేస్తే, లోపలి ఫోల్డర్లకి ఉన్న 1 కూడా పోతుంది. ఫోల్డరుకి ఆ 1 అంటే లోపలికి అడుగుపెట్టే హక్కు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, అప్పటిదాకా చదవగలిగినవాళ్ళు కూడా బయటే నిలబడతారు. సీహెచ్‌మాడ్‌లో అంకెలకి బదులు అక్షరాలు వాడి, పెద్ద ఎక్స్ ఇవ్వండి. అది ఫోల్డర్లకి, ముందే నడిచే హక్కున్న ఫైళ్ళకి మాత్రమే ఆ 1 ఇస్తుంది. అంతా అయ్యాక అడ్మిన్‌గా తెరిచి చూసి ‘బాగుంది’ అనకండి, అడ్మిన్‌కి ఎప్పుడూ బాగానే ఉంటుంది. మామూలు ఆపరేటరు పేరుతో ఒక సిస్టమ్‌లో వర్డ్ ఫైలు చేయించండి. ఇంకొకరి పేరుతో మాక్‌లో తెరిచి సేవ్ చేయించండి. మళ్ళీ మొదటివాళ్ళతో సేవ్ చేయించండి. ఈ మూడో సేవ్ అయితే పని అయినట్టే.

ఆఖరిగా, ఉద్యోగం మానేసినవాళ్ళ సంగతి. విండోస్‌లో ఒక యూజరుని తీసేస్తే, వాళ్ళ ఫైళ్ళ జాబితాలో పేరుకి బదులు ఎస్ 1 5 21 అని మొదలయ్యే పొడుగాటి అంకె మిగిలిపోతుంది. చూడ్డానికి బాగుండదు గానీ హాని లేదు, ఆ అంకె ఇంకెవరికీ మళ్ళీ ఇవ్వరు. లినక్స్‌లో అలా కాదు. 1004 నంబరు మనిషిని తీసేస్తే ఫైళ్ళు 1004 పేరుతో అలాగే ఉంటాయి. వచ్చే నెల చేరిన కొత్త అమ్మాయికి సిస్టమ్ ఖాళీగా ఉన్న ఆ 1004 నే ఇవ్వొచ్చు. చేరిన రోజే ఆవిడ, మానేసినవాళ్ళు చేసిన ఫైళ్ళన్నిటికీ ఓనరైపోతుంది. అందుకని లినక్స్ సర్వర్‌లో మనిషి వెళ్ళిపోయినా యూజరుని చెరపకండి. పాస్‌వర్డ్ లాక్ చేయండి, సాంబాలో డిజేబుల్ చేయండి, బుక్స్ గ్రూపులోంచి తీసేయండి. నంబరుని ఆ పాత పేరు మీదే ఉండనివ్వండి.